కట్టేసిన కుడి మోచేయి

మంగళవారం ఉదయం ఆరున్నరకే ఆవిడ మంచం మీద సంచి తెరిచి పెట్టుకుంది. ముందు అక్క కోసం కొన్న ఊదారంగు ఉన్ని మేజోళ్లు, తర్వాత రెండు మెత్తటి నైటీలు, పోయినసారి అక్క మర్చిపోయి వెళ్లిన కళ్లజోడు, వాటిపైన తన బట్టలు రెండు జతలు. పర్సూ, బస్సు టిక్కెట్టూ పక్క జేబులో. పదకొండు గంటల బస్సు, ఏడు గంటల ప్రయాణం. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి అక్కకు గుండె ఆపరేషను.

తల్లి పోయాక ఆవిడకు జడ వేసిందీ, అక్షరాలు దిద్దించిందీ ఈ అక్కే. ముందురోజు సాయంత్రం ఫోనులో, "ఏమే చిట్టీ, వస్తున్నావుగా? లోపలికి తీసుకెళ్లేముందు ఒక్కసారి నీ మొహం చూపించు. ఆ తర్వాత వాళ్లు నన్ను కోసుకున్నా కుట్టుకున్నా నాకేం పట్టదు" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వే ఆవిడను కుదురుగా ఉండనివ్వడం లేదు.

"ఆ సంచి సంగతి తర్వాత చూద్దువుగాని. ముందు నన్ను కట్టెయ్" అంటూ భర్త గదిలోకి వచ్చాడు. ఆయన చేతిలో బెణుకులకు చుట్టే గోధుమరంగు సాగే కట్టు ఉంది.

ఆయన ఒక పెద్ద కర్మాగారంలో స్టోర్స్ మేనేజరు. కొత్తగా వచ్చిన జనరల్ మేనేజరుకు గోల్ఫ్ పిచ్చి. మూడు వారాల కిందట భోజనాల దగ్గర "మీలో గోల్ఫ్ ఎవరికొచ్చు?" అని ఆయన అడిగితే, మన స్టోర్స్ మేనేజరు నోరు ఊరుకోక "పదేళ్లుగా ఆడుతున్నానండీ" అనేశాడు. అప్పటికి ఆయన గోల్ఫ్ కర్రను టీవీలో తప్ప చూసి ఎరుగడు. "అయితే ఈ నెలాఖరు ఆదివారం నా జోడీ మీరే" అని జీఎం వీపు తట్టాడు. ఆ వీపు ఇప్పటికీ భయంతో చల్లబడే ఉంది. ఆ సాయంత్రం నుంచే ఆయన ఎవరికీ తెలియకుండా ఒక కోచ్ దగ్గర చేరాడు.

"కర్ర వెనక్కి ఎత్తినప్పుడల్లా మీ కుడి మోచేయి కోడి రెక్కలా లేచిపోతోంది సార్. దాన్ని పక్కటెముకల దగ్గరే ఉంచండి. తల కదపకండి. అసలు మీకు కుడిచేయి ఉందన్న సంగతే మర్చిపోండి" అని కోచ్ విసుక్కున్నాడు.

స్టోర్సులో కదలకూడని సరుకేదైనా ఉంటే బెల్టు బిగించి కట్టేయడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. మోచేతికీ అదే పద్ధతి తోచింది. మధ్యాహ్నం దాకా కట్టి ఉంచితే దానికి బుద్ధి వస్తుందని లెక్క వేసుకుని, ఒంట్లో బాగోలేదని ఆఫీసుకు ఫోను చేసి సెలవు పెట్టాడు.

ఆవిడ ఆయన కుడిచేతిని ఒంటికి ఆనించి, భుజం నుంచి నడుం దాకా కట్టు చుట్టింది. పిన్నులు ఆయన పళ్ల మధ్య ఉన్నాయి. మూడు తీసి వీపు వెనక పెట్టింది. ఇంకా రెండు మిగిలి ఉండగానే వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చి పరుగెత్తింది. ఆయన తన వాలకం కిటికీ అద్దంలో చూసుకుందామని, తల కదపకుండా బాల్కనీలోకి నడిచాడు.

ఎదురింటి బాల్కనీలో రిటైరైన మాస్టారు పేపరు చదువుతున్నారు. ఉద్యోగం వదిలాక ఆయన చదివేవన్నీ ఆరోగ్యం పేజీలే. "ఏమండోయ్, ఇవాళ డ్యూటీ లేదా?" అని కేకేశారు.

నోరు తెరిస్తే పిన్నులు మింగేస్తాడు. అందుకని స్టోర్స్ మేనేజరు పెదవులు ఒక పక్కకు లాగి "ఊఁ... ఉఉఁ" అన్నాడు. తల తిప్పలేదు. చొంగ మాత్రం కాస్త కారింది.

మాస్టారు పేపరు కింద పడేశారు. పడిపోయిన చేయి, వంకరపోయిన మూతి, రాని మాట. మొన్న ఆదివారం పేజీలో వేసిన మూడు లక్షణాలూ వరుస తప్పకుండా ఎదురుగా నిలబడి ఉన్నాయి. ఆయన ముందు అంబులెన్సుకు ఫోను చేశారు. తర్వాత స్టోర్స్ మేనేజరు ఆఫీసుకు. ఆ తర్వాత రెండు వీధుల అవతల ఉండే స్టోర్స్ మేనేజరు అక్కగారికి.

మాస్టారు పరుగున వచ్చి ఆయన్ని మంచం మీద పడుకోబెట్టారు; పావుగంటలో ఆడపడుచు గుమ్మంలో ఉంది. తమ్ముణ్ణి చూసి బావురుమంది. మంచం మీది సంచి చూసి ఏడుపు ఆపింది.

"వాడిలా పడుంటే నువ్వు బట్టలు సర్దుకుంటున్నావా?"

"అయ్యో వదినా, ఆయనకేం కాలేదు. ఆ కట్టు కట్టింది నేనే. గోల్ఫ్ కోసం..."

"విన్నారా మాస్టారూ! మొగుడికి పక్షవాతం వస్తే దీనికి గోల్ఫ్ గుర్తొస్తోంది!"

"షాకమ్మా, షాకు. అమ్మాయి ఏం మాట్లాడుతోందో అమ్మాయికే తెలియదు పాపం" అన్నారు మాస్టారు.

ఆవిడ భర్త వైపు చూసింది. పిన్నులు ఎప్పుడో తీసేశాడు, మాట శుభ్రంగా వస్తుంది. ఒక్క ముక్క చెబితే చాలు. చెప్పబోయాడు కూడా. అంతలో మెట్ల మీద ఆఫీసు వాళ్ల అడుగుల చప్పుళ్లు వినిపించాయి. అందరికంటే ముందు పర్చేజ్ మేనేజరు. జీఎం పక్కన నిలబడాలని ఇతనితో సమానంగా కాచుకుని ఉన్నవాడు. పదేళ్ల ఆటగాడు నిన్నమొన్న కర్ర పట్టాడని వాడికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా! స్టోర్స్ మేనేజరు కళ్లు మూసుకుని దిండు మీద వాలిపోయాడు.

"ఏవండీ, నా బస్సు..." అందావిడ మెల్లగా. ఆయన ఎడమచేత్తో ఆవిడ మణికట్టు నొక్కాడు. నోరు మూసుకోమని.

అంబులెన్సు వాళ్లు మనిషిని ఎత్తారు. "ఆసుపత్రి సంచి ఇదేనా? ముందే సర్దిపెట్టుకున్నారు, మంచి పని" అని ఒకడు మంచం మీది సంచి కూడా ఎత్తాడు. ఆవిడ దాని వెనక పరుగెత్తింది. భర్త వెనక పరుగెత్తుతోందనుకుని ఆడపడుచు మొదటిసారి కాస్త మెత్తబడింది.

ఆసుపత్రిలో డాక్టరు కట్టు విప్పి "నా వేళ్లు గట్టిగా పట్టుకోండి" అన్నాడు. రెండు గంటలు బిగించిన చేయి! దానికి ప్రాణం ఉంటేగా పట్టుకోవడానికి. వేళ్లు ఒక్కటీ కదల్లేదు. డాక్టరు మొహం మారింది. అది చూసి స్టోర్స్ మేనేజరు మొహం మారింది. ఆ భయానికి రక్తపోటు నిజంగానే పైకెక్కి కూర్చుంది. ఇక స్కానింగు తప్పలేదు.

సంచి నర్సు గదిలో పెట్టి తాళం వేశారు. "నా టిక్కెట్టు అందులో ఉందమ్మా, పదకొండుకు బస్సు" అని ఆవిడ రెండుసార్లు అడిగింది. "పేషంటు సామాను పెద్ద నర్సు సంతకం లేకుండా ఇవ్వం" అంది చిన్న నర్సు. పెద్ద నర్సు వచ్చేసరికి పదకొండున్నర. స్కానింగు గది చల్లగా ఉంటుందని సంచి తెరిచి, ఊదారంగు మేజోళ్లు తీసి స్టోర్స్ మేనేజరు కాళ్లకు తొడిగారు. అవి ఎవరి కోసం కొన్నవో ఆవిడ చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు.

అక్కది కొండల అవతలి ఊరు. మళ్లీ బస్సు మర్నాడు ఉదయం ఆరుకే. కారు మాట్లాడదామంటే, ఈయన స్కానింగు తేలేసరికే రెండు దాటుతుంది, సాయంత్రం అయిదయ్యేసరికి కొండదారికి గేటు వేసేస్తారు.

ఆవిడ వరండాలోకి వెళ్లి అక్కకు ఫోను చేసింది.

"బస్సు తప్పిపోయిందక్కా."

"సరేలే. లేచాక చూస్తాలే నీ మొహం. అదేమన్నా మారిపోతుందా?" అంది అక్క. ఈసారి నవ్వలేదు.

మూడింటికి జనరల్ మేనేజరు స్వయంగా వచ్చాడు. వెనక పర్చేజ్ మేనేజరు పళ్లబుట్టతో నిలబడ్డాడు. "స్కానింగులో ఏమీ లేదండీ, చిత్రంగా ఉంది" అన్నాడు డాక్టరు. బల్ల మీది గోధుమరంగు కట్టు చేతిలోకి తీసుకుని, "ఇది ఎవరు కట్టారు?" అన్నాడు జీఎం.

"నేనేనండీ" అంది ఆవిడ. ఇక తప్పిపోవడానికి ఏ బస్సూ మిగల్లేదు. మొత్తం చెప్పేసింది. పదేళ్ల ఆట అబద్ధమనీ, మూడు వారాల కోచ్ సంగతీ, కోడి రెక్కా, పిన్నులూ, దొంగ సెలవూ, ఏదీ దాచలేదు. స్టోర్స్ మేనేజరు కళ్లు తెరవలేదు. పర్చేజ్ మేనేజరు మొహం వెలిగిపోయింది.

జీఎం ఆ కట్టును ఒకసారి సాగదీసి చూశాడు. తర్వాత గది అదిరేలా నవ్వాడు.

"పిచ్చి మనిషీ! కుడిచేతిని కట్టేస్తారటయ్యా ఎవరైనా?" అంటూ పక్క మంచం రోగి చంకకర్ర లాక్కుని రెండు చేతులా పట్టుకున్నాడు. "చూడు. వెనక్కి ఎత్తేటప్పుడు మోచేయి మడవాలి, నేల వైపు చూడాలి. దిగేటప్పుడు నడుం దగ్గరికి రావాలి. బంతి తగిలాక పూర్తిగా చాచుకోవాలి. దగ్గరగా ఉండాలన్నారు గాని, చచ్చిపడి ఉండమన్నారా!" కర్ర తగిలి సెలైన్ స్టాండు పక్కకు ఒరిగింది. "పదేళ్లు ఆడినవాళ్లు నాకు బోలెడుమంది దొరుకుతారు. ఆట కోసం పక్షవాతం వార్డులో చేరినవాణ్ణి మాత్రం నిన్నే చూశాను. ఆదివారం నా జోడీ నువ్వే. ఎవరూ మార్చడానికి లేదు."

స్టోర్స్ మేనేజరు కళ్లు తెరిచాడు. కుడిచేయి కూడా అప్పుడే కదిలింది. పర్చేజ్ మేనేజరు పళ్లబుట్ట అక్కడ పెట్టాలా వద్దా అని ఆలోచించి, పెట్టాడు.

అందరూ వెళ్లాక ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "చూశావా, అంతా మన మంచికే అయింది. ఇంకా ఆ మొహం ఏమిటి? మీ అక్క ఎక్కడికి పోతుంది! రేపు ఆరింటికి వెళ్దువుగాని. నేనే దింపుతా."

దింపాడు కూడా. పక్కనే నిలబడి, బస్సు కదిలేదాకా చేయి ఊపాడు. కుడిచేయే.

ఆదివారం ఆయన ఆడాడు. మోచేయి నడుం దాకా వచ్చి, బంతి తగిలాక చక్కగా చాచుకుందని జీఎం పదిమందిలో మెచ్చుకున్నాడట. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఆటా భోజనమూ ముగించుకుని ఇంటికి తిరిగి వచ్చాడు. ఆ కబురు ఆయన ఫోనులో చెబుతుంటే, కొండల అవతలి ఊళ్లో ఆవిడ ఊఁ కొడుతూ వింది.

అక్క ఆపరేషను గదిలోంచి తిరిగి రాలేదు. బుధవారం ఉదయం పదీ ఇరవైకి పోయింది.