పచ్చగీత సాక్ష్యం

ఆ శనివారం ఉదయం దేవరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి టిఫిను, పదింటికి పెళ్ళి వీడియో టేపును కంప్యూటర్లోకి ఎక్కించడం, పదకొండున్నరకు దాన్ని పెన్‌డ్రైవులో వేసుకోవడం, ఆ తరువాత కాస్త నడుం వాల్చడం. సాయంత్రం ఆరున్నరకు ఏలూరు పవర్‌పేటలోని అతని ఇంటి ముందు షామియానా కింద పెళ్ళి సిల్వర్ జూబ్లీ కృతజ్ఞత కూడిక. ప్రైమరీ స్కూలు హెడ్మాస్టరుగా ఏళ్ళ తరబడి టైంటేబుళ్ళు వేసిన మనిషి కాబట్టి, కాగితం మీదికి ఎక్కింది జరిగి తీరుతుందని అతని నమ్మకం.

భార్య రాజకుమారికి ఆ టేపులో కావలసింది మాత్రం రెండు నిమిషాలే. ఆమె తండ్రి యోబు కొల్లేటి లంకలో దోనె నడిపి ఇద్దరు ఆడపిల్లల్ని చదివించిన మనిషి. కూతుర్ని అత్తవారింటికి పంపేముందు పెళ్ళి బస్సు పక్కన నిలబడి ఆయన చేసిన ప్రార్థన టేపు చివర్లో ఉంది. ఆయన పోయి పదకొండేళ్ళయింది. ఫోటోలు నాలుగున్నాయి గాని, గొంతు ఇంకెక్కడా లేదు.

"ఏవండీ, ఇవాళ ఎవరు మాట్లాడినా మాట్లాడకపోయినా మా నాన్న గొంతు అందరికీ వినబడాలండి," అని ఆమె పళ్ళు తోముకోకముందే చెప్పింది.

టేపు చూసి ఇరవై ఏళ్ళు దాటింది. వీసీఆర్ పక్కింటి సుబ్బరాజుగారి అటక మీద దొరికింది. సుబ్బరాజుగారికి కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి. గట్ల మీద ఎనిమిది సీసీ కెమెరాలు దగ్గరుండి పెట్టించారు కనుక, వైరున్న ప్రతి వస్తువూ తన మాట వింటుందని ఆయన ధీమా. వీసీఆర్‌తోపాటు ఆయన కూడా వచ్చారు.

కంప్యూటరు కరోనా రోజుల్లో జూమ్ ప్రార్థనల కోసం కొన్నది. దాని నెత్తిన అప్పటి వెబ్‌క్యామ్ ఇంకా అలాగే ఉంది. టేపును కంప్యూటర్లోకి ఎక్కించడానికని ఆన్‌లైన్లో తెప్పించిన అగ్గిపెట్టెంత డబ్బీని కంప్యూటరుకు తగిలించి, పసుపు, తెలుపు, ఎరుపు వైర్లను వీసీఆర్ వెనకాల చేతికందిన రంధ్రాల్లో పెట్టారు. బొమ్మ చక్కగా వచ్చింది. పెళ్ళికూతురు కారు దిగింది. బ్యాండువాళ్ళు బుగ్గలు పూరించి ఊదుతున్నారు. చప్పుడు మాత్రం లేదు.

"వాళ్ళు ఊదట్లేదేమోనండి," అన్నాడు దేవరాజు.

"ఊదకపోతే మా నాన్న భోజనాలు పెట్టేవాడేంటండీ?" అంది రాజకుమారి.

సుబ్బరాజుగారు చొక్కా చేతులు మడిచారు. వైర్లు పీకి ఊదారు. స్పిరిటు పెట్టి తుడిచారు. వీసీఆర్ మూత విప్పి లోపలికి టార్చి వేసి చూసి, తల పంకించి, మళ్ళీ బిగించారు. రెండు స్క్రూలు మిగిలాయి. "ఇవి ఎగస్ట్రా ఇస్తాడండి కంపెనీవాడు," అని జేబులో వేసుకున్నారు. గడియారం ఒంటిగంట దాటింది. ఆయన మూడో టీ కూడా అయిపోయింది. బస్సు పక్కన యోబు నిలబడి పెదవులు కదుపుతుంటే, ఆ మూగబొమ్మను చూడలేక రాజకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కంగారు పడకండి చెల్లెమ్మగారూ. కంప్యూటర్లోనే ఏదో పట్టేసింది," అంటూ సుబ్బరాజుగారు సెట్టింగుల్లోకి దిగారు. శబ్దం ఎక్కడి నుంచి తీసుకోవాలని అడిగేచోట నాలుగు పేర్లున్నాయి. ఆయన వరసగా ఒక్కొక్కటే నొక్కుతూ పోయారు. ఆయన నాలుగోది నొక్కేసరికి, ఇక మనుషుల వల్ల కాదని తేల్చుకున్న రాజకుమారి కళ్ళు మూసుకుని, "పరలోకమందున్న తండ్రీ!" అని పైకి ప్రార్థన మొదలుపెట్టింది.

శబ్దం వస్తే లేవాల్సింది, తెర మూలన పొద్దున్నుంచి పడుకునే ఉన్న పచ్చగీత చటుక్కున లేచింది.

"వచ్చింది! సౌండొచ్చింది! రాజీ, ఆపకు!" అని దేవరాజు అరిచాడు. గీత ఇంకా పైకి లేచింది. రాజకుమారి గొంతు పెంచింది. గీత ఎరుపెక్కింది. ముగ్గురూ నోట మాట రాక ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు గీత పడుకున్న సంగతి ఎవరూ గమనించలేదు.

"నేనూ రోజూ దణ్ణం పెట్టుకునేవాణ్ణే గానండి, ఇంత స్పీడుగా పనవడం ఎక్కడా చూళ్ళేదండి," అన్నారు సుబ్బరాజుగారు మనస్ఫూర్తిగా.

విందామని స్పీకరు పెంచితే "కూ" మని చెవులు చిల్లులు పడే కూత వచ్చింది. వీధిలో కుక్క లేచి వెళ్ళిపోయింది. సుబ్బరాజుగారు స్పీకరు కట్టేశారు. "స్పీకరుతో పనేంటండీ? చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటరు తిరుగుతుందా లేదా అని నేను నీళ్ళలోకి దిగి చూస్తానా? షెడ్డులో పచ్చలైటు వెలిగితే తిరుగుతున్నట్టే. ఇదీ అంతేనండి."

టేపు మొదటికి తిప్పి ఎక్కించడం మొదలుపెట్టారు. టేపు ఎంతసేపు నడిస్తే అంతసేపూ పడుతుంది కాబట్టి ముగ్గురూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. సుబ్బరాజుగారికి ఆ పెళ్ళిలో ఒక్కరూ తెలియదు. తెరమీదికి ఎవరొచ్చినా "ఈయనెవరండీ, ఆవిడెవరండీ" అని అడుగుతూనే ఉన్నారు. అడిగిన మనిషికి చెప్పకపోవడం మర్యాద కాదు గనక రాజకుమారి చెబుతూనే ఉంది. పచ్చగీత ఒక్క క్షణం కుదురుగా లేదు. చివర్లో యోబు కనబడగానే ఆమె చెయ్యెత్తి అందరినీ ఆపింది. మగవాళ్ళిద్దరూ తలలు వంచుకున్నారు. తండ్రి పెదవులతోపాటు ఆమె పెదవులు కూడా కదిలాయి.

సరిచూసుకునే తీరిక లేకపోయింది. షామియానావాళ్ళు వచ్చారు, బిరియానీ డేగిశాలు వచ్చాయి, తాడేపల్లిగూడెం నుంచి దేవరాజు అక్క హెప్సిబా వచ్చింది. రాజకుమారి చెల్లెలు స్టెల్లా, ఆమె భర్త బెంజమిన్ వచ్చారు. పాతికేళ్ళ కిందట పెళ్ళి జరిపించిన పాస్టర్ విజయ్ కుమార్ గారు ముందువరసలో కూర్చున్నారు. పాట అయింది. ప్రొజెక్టరు వెలిగింది. మనిషెత్తు సౌండ్ బాక్సులు రెండు గొంతు సవరించుకున్నాయి.

తెరమీద పెళ్ళికూతురు కారు దిగింది. బాక్సుల్లోంచి సుబ్బరాజుగారి గొంతు వీధంతా వినబడేలా అడిగింది: "ఆ ముదురాకుపచ్చ పట్టుచీరావిడ ఎవరండీ?"

"మా ఆడపడుచుగారండి. ఆ చీర నాకని కొన్నదేనండి. ఎవరి ఒంటిమీదుందో చూస్తున్నారుగా."

షామియానా కింద తలలన్నీ హెప్సిబా వైపు తిరిగాయి. దేవరాజుకు వెబ్‌క్యామ్ గుర్తొచ్చింది. దానికి కన్నుతోపాటు చెవి కూడా ఉంటుందని, సుబ్బరాజుగారు నొక్కిన నాలుగో పేరు దానిదేనని ఆ క్షణంలో తెలిసింది. అతను వైరు పీకడానికి పరిగెత్తబోతే హెప్సిబా చెయ్యి పట్టుకుని కూలేసింది.

"కూర్చోరా. నా సంగతి అయిపోయింది. తరవాత ఎవరో నేను విని తీరాలి."

తరువాత పాస్టరుగారు. "ప్రసంగం బాగా చెప్పారాండీ?" "బాగానే చెప్పారండి. వీడియో ఆయన కెమెరా కట్టేసి, భోంచేసి, ఓ కునుకు తీసి వచ్చేసరికి ఇంకా చెబుతానే ఉన్నారండి." పాస్టరుగారు బైబిలు తెరిచి ఏదో వాక్యం కోసం గట్టిగా వెతకసాగారు.

"ఈ అబ్బాయి ఇందాక కూడా పంక్తిలో కనబడ్డాడండి?" "మా మరిది బెంజమినండి. అప్పటికింకా మరిది కాలేదు. ఇది మూడో పంక్తండి." చేతిలోని మిక్చరు పొట్లాన్ని బెంజమిన్ మెల్లగా కుర్చీ కిందికి జార్చాడు.

సుబ్బరాజుగారొక్కరే పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఆ పెళ్ళిలో ఆయన లేరు కదా. అంతలో బాక్సుల్లో ఫోను మోగింది, ఆయన "ఇప్పుడే వస్తానండి" అని బయటికి వెళ్ళిన చప్పుడు వినబడింది. వెంటనే రాజకుమారి గొంతు: "ఏవండీ, రాజుగారు ఎప్పుడు వెళ్తారండీ? పొద్దున్నుంచి నాలుగు టీలండి. ఆ స్క్రూలు కూడా జేబులోనే ఉన్నాయి."

సుబ్బరాజుగారి నవ్వు ఆగింది. ఇప్పుడు మిగతావాళ్ళంతా నవ్వారు.

రాజకుమారి ముఖం చేతుల్లో దాచుకుంది. అవమానం కంటే పెద్ద భయం పట్టుకుంది ఆమెను. తమ మాటలే పడ్డాయంటే నాన్న మాటలు పడలేదన్నమాట. తెరమీదికి బస్సు వచ్చింది. యోబు వచ్చి, కూతురి తలమీద చెయ్యి పెట్టి, పెదవులు కదిపాడు. బాక్సుల్లోంచి సన్నగా ఒక ఆడగొంతు, ఆ పెదవులకు సరిగ్గా అతుక్కుని పలికింది. పాతికేళ్ళుగా కంఠతా ఉన్న మాటలు మధ్యాహ్నం టేపు ఎక్కిస్తున్నప్పుడు రాజకుమారికి తెలియకుండానే పైకి వచ్చేశాయి.

"ప్రభువా, దోనె తోసుకునేవాణ్ణి, పెద్ద మాటలు రావు. కొల్లేట్లో నీళ్ళు పెరిగినా తరిగినా నా పిల్ల కంచంలో అన్నం తరగనివ్వకు. మా రాజి మనసు మంచిదే, నోరే దాని మాట వినదు. అది ఎవర్నన్నా ఏవన్నా అంటే, విన్నవాళ్ళకి ఓర్చుకునే మనసియ్యి. అల్లుడుగారికి కొంచెం ఎక్కువియ్యి. బస్సు డ్రైవరు హారన్ కొడతన్నాడు, ఆమేన్."

అందరికంటే ముందు "ఆమేన్" అన్నది హెప్సిబా. కళ్ళు తుడుచుకుని, "మీ నాన్న మా అందరికీ అప్పుడే చెప్పేసి వెళ్ళాడే, రాజీ. మేవే వినలేదు. ఆ చీర ఇంకా ఉంది, పంపిస్తాలే," అంది. పాస్టరుగారు ప్రసంగం ఆరు నిమిషాల్లో ముగించారు. బెంజమిన్ రెండు పంక్తుల్లోనే లేచాడు.

మర్నాడు గుడిలో ఆరాధన అయి వచ్చాక వీసీఆర్ వెనక్కి వంగి చూసింది కూడా హెప్సిబానే. "ఒరే తమ్ముడూ, అవుట్ అని రాసున్నచోట పెట్టాల్సిన తెల్లవైరూ ఎర్రవైరూ ఇన్‌లో పెట్టావేంట్రా? హెడ్మాస్టరువి!" వైర్లు మార్చి, డబ్బీని మధ్యలోంచి తీసేసి, వీసీఆర్‌ను నేరుగా టీవీకి కలిపారు. శబ్దం గంట కొట్టినట్టు వచ్చింది. మొదటి నుంచి చివరిదాకా కీబోర్డు వాయిద్యం. పాతికేళ్ళ కిందటి వీడియో ఆయన అందంగా ఉంటుందని టేపు పొడుగునా సంగీతం పరిచేశాడు. యోబు బస్సు పక్కన పెదవులు కదిపినంతసేపూ కీబోర్డే మోగింది.

రాజకుమారికి తండ్రి గొంతు టేపులో ఏనాడూ లేదని దుఃఖం వచ్చింది. ఆయన మాటలు ఇన్నాళ్ళూ తన దగ్గరే భద్రంగా ఉన్నాయని సంతోషమూ వచ్చింది. పెన్‌డ్రైవును చేతిరుమాలులో చుట్టి బీరువాలో బైబిలు పక్కన పెట్టింది. సోమవారానికల్లా తిట్లు తిన్నవాళ్ళంతా ఫోను చేసి తలా ఒక కాపీ అడిగారు.

సుబ్బరాజుగారు మాత్రం మాట పడ్డ మనిషి కనుక ఆ ఇంట్లో టీ మానేశారు. ఇప్పుడు కాఫీ తాగుతున్నారు.