సుగుణమ్మ నొక్కుగిన్నె

సకలదిగంతవ్యాప్త ధూసరమేఘమాలికా విరాజితమై, ఏడాదిలో మూడు పాళ్లు తుంపరతోను, మిగిలిన పాలు తుంపర పడుతుందేమోనన్న చర్చతోను పునీతమయ్యే ఇంగ్లండు మధ్యసీమలో, ట్రెంటు నదీతీరాన వెలసిన నాటింగ్‌హామ్ మహానగరంలో, ట్రాములు గంటలు మోగించుకుంటూ మెరక ఎక్కుతున్న ఒకానొక శనివారపు ఉదయాన, ముందురోజే ఖాళీ అయిన చెత్తడబ్బాలు లోపలికి పోవడానికి మనసొప్పక వీరభటుల్లా గేటుగేటుకూ కావలి కాస్తున్న ఒక సన్నని వీధిలో, ఎర్రయిటుకల జంట ఇళ్లలో ఎడమదాని వంటింట, సదాశివం అనే మహావీరుడు కుక్కరులో కందిపప్పు పెట్టి పొయ్యి వెలిగించాడు.

ఆయన ఆజానుబాహువు కాదు. చత్వారపు కళ్లద్దాలే శిరస్త్రాణంగా, మోచేతుల దగ్గర పలచబడిన ఉన్ని స్వెట్టరే కవచంగా, గరిటే ఆయుధంగా నిలిచాడు. వృత్తిరీత్యా వంటపాత్రలకు రూపకల్పన చేసే ఇంజనీరు. పప్పు వండడంలో మాత్రం ఏడాది కిందటి వరకు ఆయనకు ఏ అనుభవమూ లేదు. ఆ అవసరం నిరుటి చలికాలంలో వచ్చింది.

కుక్కరు గర్భకుహరంలో ఉష్ణతప్తమైన పప్పు పీతవర్ణఫేనసైన్యాన్ని సమీకరించుకొని, విజిలు అనే సింహద్వారాన్ని భేదించుకొని, శంఖధ్వనిసమానమైన కూతతో వెలికురికి, పొయ్యిని ఆక్రమించి, తెల్లని టైళ్లను జయించి, కిటికీ అంచున ఉన్న కరివేపాకు కుండీ దాకా దండయాత్ర సాగించింది. సదాశివం ఒక అడుగు వెనక్కి వేశాడు. గరిటె ఆ యుద్ధంలో ఎందుకూ పనికిరాలేదు.

ఈ సైన్యాన్ని లోకంలో ఒక్కరే ఓడించారు. ఆమె పేరు సుగుణ. ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం చేసి వచ్చి, సాయంత్రాలు ఈ గోడలు కడిగిన ఇల్లాలు. పప్పు మీద చిన్న స్టీలు గిన్నె బోర్లిస్తే నురుగు అణుగుతుందని మొదట ఆమె అనుకుంది. గిన్నె ఆవిరికి ఎగిరి మూతకు కొట్టుకుంది. ఒకనాడు ఆ గిన్నె అలమర మీద నుంచి జారి నేలను ఢీకొని అంచున నొక్కుపడింది. విసుగుతో దాన్నే బోర్లించింది. ఆ పూట కుక్కరు మూడు కూతలు కూసింది, చుక్క చిమ్మలేదు. ఎందుకు చిమ్మలేదో ఆమె వారం రోజులు ఆలోచించింది. కారణం తేల్చుకున్నాక సుత్తి తీసుకొని ఇంట్లో ఉన్న గిన్నెలన్నిటికీ నొక్కులు పెట్టి, అడిగినవాళ్లకల్లా పంచి, ఒక్కటి మాత్రం తనకు ఉంచుకుంది.

ఆ గిన్నెను అమ్మకానికి తేవాలని ఆమె కన్నుమూశాక సంకల్పించినవాడు మనోజ్. నగరం అంచున చిన్న పాత్రల కంపెనీకి యజమాని, సదాశివానికి వయసులో చిన్నవాడైన పైఅధికారి. సుగుణ గిన్నెను నమూనాగా పట్టుకుపోయి, అచ్చులు పోయించి, అట్టపెట్టెల మీద బొమ్మలు కూడా ముద్రించాడు. అంతలో ప్రళయం సంభవించింది.

పాత్రల మార్కెట్టుకు సార్వభౌముడు, పేటెంటుదుర్గపరంపరాపరివేష్టితుడు, తాను చేయనిదాన్ని ఇతరులెవరూ చేయకుండా చూడడమే ముఖ్యమైన ఉత్పత్తిగా గలవాడు అయిన గ్రిమ్‌స్టోక్ హోమ్‌వేర్ అనే కంపెనీ, ఒక పేటెంటు కోసం దరఖాస్తు పెట్టి ఉంది. అది అప్పుడే బయటికి వచ్చింది. అందులో ఇలా ఉంది: “ఉష్ణీకరణపాత్రాంతర్భాగమునందు అధోముఖముగా స్థాపింపబడునదియు, పరిధియందు కనీసము ఒక నిమ్నప్రదేశము గలదియు, తన్మూలమున ఫేనోద్గతిని నిరోధించునదియు అగు సాధనము.” ఇది కథకుని అతిశయోక్తి కాదు. పేటెంటు భాషను ఉన్నదున్నట్టుగా తెలుగు చేస్తే ఇలాగే వస్తుంది. భావం: నొక్కుపడిన గిన్నె.

“అయిపోయిందండీ సదాశివం గారూ!” అని మనోజ్ ఆఫీసులో కుర్చీలో కూలబడ్డాడు. “పేటెంట్ వచ్చాక మనం ఒక్క గిన్నె అమ్మినా కోర్టుకి లాగుతారంట. వాళ్ల సొలిసిటర్ మెయిల్ పెట్టాడు. ఎంత మర్యాదగా రాశాడనుకున్నారు, చదువుతుంటే థాంక్యూ చెప్పాలనిపించింది!”

“వాళ్లు ఈ గిన్నె చేస్తున్నారా?”

“ఎందుకు చేస్తారండీ? చిమ్మని కుక్కరని వాళ్లదొకటి ఉందిగా, ఆ ధరకి మనూళ్లో పెళ్లి భోజనాలు పెట్టొచ్చు. ఈ చిన్న గిన్నె షాపుల్లోకొస్తే దాన్నెవడు కొంటాడు? పేటెంట్ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. అదే వాళ్ల స్ట్రాటజీ.”

అప్పుడు ఇద్దరూ హైమను శరణుజొచ్చారు. ఆమె అనంతపురం నుంచి వచ్చి లీడ్స్‌లో పేటెంట్ అటార్నీగా స్థిరపడిన యువతి. ఎదుటివాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా మాట్లాడని అరుదైన గుణం కలది. వీడియో కాల్‌లో అంతా విని ఒకటే అడిగింది.

“అంకుల్, ఆంటీ దీన్ని బయటోళ్లకు ఎవరికైనా చూపించినారా?”

“ఎవరికైనా ఏంటమ్మా! ముందటేడు ఉగాది భోజనాల్లో స్టేజీ ఎక్కి అందరికీ చూపించింది. అసోసియేషన్ వాళ్లు వీడియో తీసి పేజీలో కూడా పెట్టారు.”

“అయితే మీకు పేటెంట్ రాదు. ఈ దేశంలో ఫైల్ చేసేకి ముందే నలుగురికీ చూపిస్తే అది ఇంక కొత్తది కాదు. సొంతామె చూపించినా అంతే.”

మనోజ్ తల పట్టుకున్నాడు. “ఆంటీ పప్పుతో పాటు పేటెంట్ కూడా వడ్డించేశారండీ!” అని, నాలిక కరుచుకుని, “సారీ అండీ” అన్నాడు.

“సారీ ఎందుకు?” అంది హైమ. “మీకు రానిది వాళ్లకు మాత్రం ఎట్లొస్తుంది? వాళ్లు ఫైల్ చేసింది ఉగాది అయినాక. ఆ వీడియో చూపించి అభ్యంతరం పెడదాం. అయితే ఒకటి, గిన్నె కనపడితే చాలదు. నొక్కు ఉందని తెలియాల, అది ఏం చేస్తుందో తెలియాల. అది లేకపోతే వాళ్లు మామూలు గిన్నె అని కొట్టిపారేస్తారు.”

“పేటెంట్ మనకీ లేక, వాళ్లకీ లేకపోతే ఊరంతా చేసుకుంటారు కదండీ. ఇక మనకేం మిగులుతుంది?” అన్నాడు మనోజ్.

అంతట సదాశివుడు ప్రళయకాలజలధరగంభీరనిర్ఘోషంతో దిక్కులు మారుమోగగా, “ఓరీ వణిగ్వంశశేఖరా! విద్యుత్తును మేఘము దాచుకొనునా? సౌరభమును పుష్పము తాళము వేసికొనునా? లోకోపకారార్థము వెలసిన ఈ పాత్రికారత్నమును పరులు చెరబట్టుటకు నా కంఠమున ప్రాణముండగా సమ్మతింతునా!” అని గర్జించాడని చెప్పాలని కథకునికి ఎంతో కోరిక. కాని ఆయన అన్నది ఇంతే:

“ఊరంతా చేసుకోవాలనే కదయ్యా ఆవిడ చూపించింది.”

ఇక ఆ వీడియో. దాన్ని సదాశివం అప్పటికే ఎన్నోసార్లు చూసి ఉన్నాడు. కమ్యూనిటీ హాలు, మామిడాకుల తోరణం, కుర్చీల మధ్య పరుగులు తీసే పిల్లలు. ఆకుపచ్చ చీరలో సుగుణ మైకు అందుకుంటుంది, ఏదో అంటుంది, రెండో చేత్తో గిన్నె పైకెత్తుతుంది. సరిగ్గా ఆ క్షణాన, రాహువు చంద్రబింబాన్ని కబళించినట్టు, నిష్కేశమై, నిష్కళంకమై, ట్యూబులైటు కాంతిని పరావర్తింపజేస్తూ, ఒక మహాశిరస్సు కెమెరాకు అడ్డంగా ఉదయిస్తుంది. ఎంతకీ అస్తమించదు. అది తొలగేసరికి సుగుణ స్టేజీ దిగిపోయి ఉంటుంది. నొక్కు కనపడదు.

ఆ శిరస్సు బాబూరావుది. అసోసియేషన్ వేసే పౌరాణిక నాటకాల్లో ప్రతినాయక పాత్రలన్నీ ఆయనవే. ఆ శనివారం టైళ్ల మీద పప్పు ఆరుతుండగా సదాశివం ఆయనకు ఫోను చేసి, ఎందుకు లేచి నిలబడ్డారని అడిగాడు. ఆయన నాటకాన్ని ఫోనులోనే ప్రారంభించాడు.

“ఏమేమీ! ఏ శిరస్సు కిరీటభారమును అవలీలగా వహించినదో, ఏ శిరస్సు అరిభయంకరమై రంగస్థలమున వెలిగినదో, ఆ శిరస్సేనా నేడు ఆత్మీయుల విజయమునకు అడ్డుగోడ! హతవిధీ!” అని ఊపిరి తీసుకొని, మామూలు గొంతుతో, “పులిహోర కోసం లేచాననుకున్నావు కదూ, ఒరే సదాశివం?” అన్నాడు.

“అందరూ అదే అనుకున్నారు బావా.”

“అనుకుంటారు. నన్ను చూస్తే ఎవరికైనా అదే తోస్తుంది. నా కుడిచెవి సంగతి తెలుసుగా, చెల్లాయి మాట సరిగా వినబడక ముందుకెళ్లి నిలబడ్డాను. ఆ నొక్కు గురించి ఎంత విడమరిచి చెప్పిందిరా! చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. అదేంటి, నువ్వు వినలేదూ?”

సదాశివం వినలేదు. ఉగాది నాడు ఆమె మాట్లాడుతుంటే ఆయన కారు పార్కింగులో పెరుగు బకెట్లు దింపుతున్నాడు. తరవాత చూసిన ప్రతిసారీ వీడియోలో శబ్దం తీసేసి చూశాడు.

“ఉంటాను బావా” అని ఫోను పెట్టేశాడు.

వాట్‌ఫర్డ్ నుంచి వారాంతానికి వచ్చిన కూతురు సిరి, స్పాంజితో గోడ తుడుస్తూ ఇటు చూసింది. తండ్రి చేతిలో వీడియో ఆడుతోంది. తల్లి పెదవులు కదులుతున్నాయి.

“డాడ్, వై ఈజ్ ఇట్ ఆన్ మ్యూట్?”

“పిల్లలు ఒకటే గోలమ్మా అందులో.”

సిరి స్పాంజి కింద పెట్టింది. ఆ జవాబును పరీక్షకు పెట్టలేదు. వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. “డు యూ వాంట్ మీ టు డూ ఇట్?”

“వద్దు. నేనే చేస్తాను.”

వినండి, ఓ సజ్జనులారా! ఆ మీదట జరిగిన సంగ్రామానికి పూర్వోపమానం లేదు. ఒకవైపు అస్త్రవిద్యావిశారదమై, అసంఖ్యాక పాత్రల కొలతలు గీసిన దక్షిణహస్తాంగుష్ఠం. మరోవైపు ఫోను పార్శ్వాన, బియ్యపుగింజ కంటె సన్ననై, దుర్భేద్యమై, నిరుటి చలికాలం నుంచి అజేయంగా నిలిచిన శబ్దపు మీట. అంగుష్ఠం కదిలింది. ఆగింది. కళ్లద్దాలు తుడుచుకోవలసి వచ్చి యుద్ధవిరామం ప్రకటింపబడింది. గోడ గడియారం దుందుభి మోగించింది. వెలుపల తుంపర పుష్పవృష్టి కావాలో వద్దో నిర్ణయించుకోలేక కిటికీని తడిమింది. మళ్లీ అంగుష్ఠం సర్వసైన్యసమన్వితమై, కృతనిశ్చయమై, ముందుకు దూకి, మీటను తాకి, నొక్కింది.

హాలు గోల వంటింట్లోకి వచ్చింది. తరవాత ఆమె గొంతు వచ్చింది.

“వెనకాల వాళ్లకి వినపడుతోందా? ఆ, పప్పు పొంగి గోడలు కడుక్కునే వాళ్లందరూ ఓసారి ఇటు చూడండి. ఇది మామూలు గిన్నే. అంచు దగ్గర, ఇదిగో ఇక్కడ, సుత్తితో కాస్త లోపలికి నొక్కాను. నొక్కు లేదనుకోండి, ఆవిరి లోపల చిక్కుకుని గిన్నెనే ఎత్తేస్తుంది. ఉంటే ఈ సందులోంచి మెల్లగా పోతుంది, నురుగు కిందే ఉండిపోతుంది. అంతే. ఎవరైనా చేసుకోవచ్చు. ఇంట్లో సుత్తి లేకపోతే చెప్పండి, మా ఆయన్ని పంపిస్తా. ఊరికే కూర్చునుంటారు.”

హాలంతా నవ్వింది.

“ఊరికే కూర్చోలేదు” అన్నాడు సదాశివం ఫోనుతో. “పెరుగు మోస్తున్నాను.”

ఇంకోసారి పెట్టాడు. ఈసారి సిరి కూడా నవ్వింది. తరవాత లాప్‌టాప్ తెచ్చుకుని తల్లి మాటలు ఒక్కొక్కటీ ఇంగ్లీషులో రాయసాగింది. చివరికొచ్చి ఆగి, పుట్టి బుద్ధెరిగాక తండ్రితో అరుదుగా మాట్లాడే తెలుగులో, “ఊరికే కూర్చునుంటారు, అది కూడా పెట్టాలా నాన్నా?” అని అడిగింది.

“పెట్టు. సాక్ష్యం పూర్తిగా ఉండాలి.”

హైమ దాన్ని అభ్యంతరంగా పేటెంటు ఆఫీసుకు పంపింది. తరవాత ఆ కార్యాలయపు సహజవేగంతో కాలచక్రం తిరిగింది. అంటే, మరో శీతాకాలం వచ్చి పోయింది. మళ్లీ ఒక శనివారం ఆమె ఫోను చేసింది.

“అంకుల్, గ్రిమ్‌స్టోక్ వాళ్లు దరఖాస్తు ఎత్తుకుని పోయినారు! ఎగ్జామినర్ రిపోర్ట్ చూసినాక చప్పుడు చెయ్యకుండా వెనక్కి తీసుకున్నారు. అందులో ఆంటీ పేరు ఉంది. సుగుణ, ఉగాది సభ, నాటింగ్‌హామ్ అని.”

“ఎంత ఉంది?”

“ఒక లైను.”

“చాలమ్మా.”

“ఇంకోటి అంకుల్. ఆంటీ మిమ్మల్ని గురించి అన్న ఆ మాట కూడా రికార్డులో ఉంది. ఎవరైనా చూడొచ్చు.”

బ్రిటిషు ప్రభుత్వ దస్తావేజుల్లో ఊరికే కూర్చునే వ్యక్తిగా శాశ్వతంగా నమోదైన ఆ మహావీరుడు, కొడుకు పట్టాభిషేకం చూసిన రాజులా ప్రసన్నుడయ్యాడు.

మనోజ్ గిన్నెలు మార్కెట్లోకి వచ్చాయి. వెనకే మరో ఇద్దరు చేసినవి వచ్చాయి. కొన్నాళ్లకు గ్రిమ్‌స్టోక్ కూడా ఒకటి చేసి, దానికి రంగు వేసి, ధర రెట్టింపు పెట్టింది. “ఏం చేస్తామండీ” అని మనోజ్ వాపోయాడు. “అడ్డంగా నిలబెట్టడానికి పేటెంట్ లేదు. ఇక గిన్నె బాగా చెయ్యడం తప్ప దారి లేదు. ఆ నొక్కు అంచు కుక్కర్ని గీకుతోంది, గుండ్రంగా చెయ్యగలరేమో చూడండి.” నమూనాగా తీసుకుపోయిన పాతగిన్నెను గుడ్డలో చుట్టి తిరిగి ఇచ్చాడు.

కనుక, ఓ శ్రోతలారా, చాటండి! ట్రెంటు తీరం నుంచి తూర్పు సముద్రం దాకా ట్రాముగంటలు మోగించండి! సదాశివం పప్పు కడిగి కుక్కరులో పోశాడు. పాతగిన్నెను దాని మీద బోర్లించాడు. నొక్కు తన వైపు ఉండేలా తిప్పాడు. అలా తిప్పనవసరం లేదు. మూత పెట్టాడు. ఫేనసైన్యం లోపల గర్జించింది, పొర్లింది, సింహద్వారం దాకా వచ్చి చతికిలబడింది. కుక్కరు మూడు కూతలు కూసింది.

పొయ్యి మీద ఒక్క చుక్క పడలేదు.

స్పాంజి పొడిగా ఉంది.