మారాజుకు గుచ్చిన సూదులు

తెల్లవారితే చేపల వేట నిషేధం ముగుస్తుంది. పేటలోని పడవలన్నీ సముద్రంలోకి దిగుతాయి, నూకయ్య పడవ తప్ప. నూకయ్య ఎప్పుడు వేటకు బయల్దేరినా అతని కుక్క మారాజు ముందు నడిచి, అలల దాకా వచ్చి సాగనంపాలి. అది రాకుండా అతను ఏనాడూ పడవ నెట్టలేదు. ఆ మారాజుకు ఎండాకాలంలో వెనక కాళ్లు పడిపోయాయి. కుక్క లేచేదాకా పడవ కదలదని నూకయ్య తేల్చేశాడు.

అందుకే ఆ ఆదివారం పొద్దున్నే కూతురు దేవి అంతా సిద్ధం చేసుకుంది. ఆమె శ్రీకాకుళంలో మందుల షాపులో పనిచేస్తుంది. పశువుల డాక్టరు హరిబాబు సన్నని సూదులు గుచ్చి, చైనా మూలికల కషాయం పట్టించి, నడవలేని కుక్కల్ని నడిపిస్తున్నాడని అక్కడే విన్నది. ఒళ్లంతా సూదులంటే ఒప్పుకోడని, ఇంజక్షన్ కోసమని తండ్రికి చెప్పి రెండుసార్లు మారాజును ఆటోలో తీసుకెళ్లింది. దాని తోక కాస్త కదలసాగింది గానీ, ఆటో కుదుపులకు మూలుగుతోంది. ఈసారి డాక్టరునే ఇంటికి రమ్మంది. తండ్రి ఒడ్డున వల బాగుచేసుకుంటూ ఉంటాడు, మధ్యాహ్నం దాకా రాడు.

తల్లి గున్నమ్మకు ఇదంతా మొదటినుంచీ మింగుడుపడలేదు. ఆమె ఊరికే భయపడే మనిషి కాదు, ఆమె భయాలన్నీ వరస ప్రకారం నడుస్తాయి. సూది ఊపిరితిత్తిలో దిగుతుంది, కుక్క పోతుంది, మొగుడు జన్మలో పడవెక్కడు, ఇంటిల్లిపాదీ పస్తులుంటారు. పైగా చైనా మందు. కరోనా ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు బాగా తెలుసు.

"నువ్వూరుకో అమ్మా. వేళ్లూ బెరళ్లూనే గదా. మరిగించు," అంది దేవి.

డాక్టరు వచ్చి, మారాజు మెడ నుంచి తోక దాకా సూదులు వరసగా గుచ్చాడు. తాను సూదులు తీసేదాకా కుక్కను కదలనివ్వొద్దన్నాడు. అంతలో వీధి చివర ఎవరి మేకకో కడుపు ఉబ్బిందని కబురొస్తే, దేవి చేత సంచీ పట్టించుకుని అటు వెళ్లాడు. గున్నమ్మ వాకిట్లో పొయ్యి మీద కషాయం మరిగిస్తూ, కుక్క ఎదుట కూర్చుని కళ్లు మూసుకుంది. దాని ప్రాణం కాపాడమని ఊరి అమ్మవారిని లోలోపల వేడుకోసాగింది.

సరిగ్గా అప్పుడే పక్కింటి లక్ష్మణమ్మ నిప్పు కోసం వచ్చింది. ఒళ్లంతా సూదులున్న కుక్క, పొయ్యి మీద నల్లగా మరుగుతున్న వేళ్లు, కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్న గున్నమ్మ. సూదులు గుచ్చిన నిమ్మకాయ దారిలో కనబడితేనే చేతబడి అని చుట్టు తిరిగి వెళ్లే పేట అది. ఇక్కడ సూదులున్నది బతికున్న ప్రాణికి. లక్ష్మణమ్మ చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగింది.

మొదటి ఇంట్లో, నూకయ్య కుక్కకు ఎవరో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారన్నారు. కుళాయి దగ్గరికి వచ్చేసరికి ఆ పెట్టింది గున్నమ్మే అయింది. ఒడ్డుకు చేరేసరికి కారణం కూడా దొరికింది. మొగుడు వేటకెళితే గున్నమ్మకు ముద్ద దిగదని అందరికీ తెలుసు. అతన్ని ఇంట్లో కూర్చోబెట్టాలని కుక్క కాళ్లు కట్టేసిందన్నమాట. మాట మోసినవాళ్లంతా తలా కొంచెమే కలిపారు కాబట్టి, అబద్ధమాడింది ఫలానావారని చెప్పడానికి లేదు.

నూకయ్య పరుగున వచ్చాడు. అతని వెనక పెద్దమనిషి సూరయ్య, ఆయన వెనక సగం పేట. గేటు దాటి ఎవరూ లోపలికి రాలేదు. చిల్లంగి పేరు ఒకసారి పడితే ఆ ఇంట మంచినీళ్లు కూడా ముట్టరు.

"ఏటే ఇది?" అన్నాడు నూకయ్య.

గున్నమ్మ కళ్లు తెరిచింది. ఎదురుగా జనం. ఎవరి మొహంలోనూ నెత్తురుచుక్క లేదు. ఇంతమంది ఇలా వచ్చి నిలబడేది ఒక్క చావుకేనని ఆమెకు తెలుసు.

"పోనాడా నా మారాజు," అని ఘొల్లుమంది. "ఇలా అవుతాదని నాను ముందే అనుకున్నాను."

"ఇన్నారు గదా," అన్నాడు సూరయ్య. "ముందే అనుకుందంట."

దేవి, డాక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చారు. ఇది వైద్యమేనని, నరాలకు పనిచేస్తుందని డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. సూరయ్య అంతా విని, సూదిలో మందేదని అడిగాడు. మందు ఉండదని, వట్టి సూదేనని డాక్టరు నిజం చెప్పాడు. అంతవరకూ సగం నమ్మినవాళ్లు కూడా రెండడుగులు వెనక్కి వేశారు.

నూకయ్యకు ఇవేవీ పట్టలేదు. గేటు దగ్గరే చతికిలబడి, "మారాజూ, ఏటి సేసేసినార్రా నిన్ను," అన్నాడు.

మారాజు చెవులు నిక్కాయి. ముందు కాళ్ల మీద లేచింది. వెనక కాళ్లు వణికాయి, ఒరిగాయి, మళ్లీ నిలబడ్డాయి. వీపు మీద సూదులు ఊగుతుండగా తూలుకుంటూ గేటు దాకా వచ్చి, నూకయ్య మొహం నాకి, నేరుగా సముద్రం దారి పట్టింది. జనం చీలి దారిచ్చారు. డాక్టరు సూదుల కోసం దాని వెనక పరుగెత్తాడు.

"సిల్లంగైతే పడగొడతాది గానీ లేపదు. ఇది వైద్దిగమే," అని సూరయ్య తీర్పు చెప్పాడు. తానూ మొదటినుంచీ అదే అనుకుంటున్నానని లక్ష్మణమ్మ అంది. రేపు తెల్లవారగానే పడవ దిగుతుందని నూకయ్య కేకేసి చెప్పాడు. జనమంతా అతని వెంట ఒడ్డుకు వెళ్లిపోయారు.

గున్నమ్మ కషాయం గ్లాసుతో గడపలోనే నిలబడిపోయింది. ఇన్నాళ్లూ ఆమె రాత్రుళ్లు కంటినిండా నిద్రపోయింది. ఎందుకో ఇప్పుడు తెలిసింది. తూర్పున మబ్బు పట్టింది, గాలి కూడా బాగాలేదు.

డాక్టరు తిరిగొచ్చి సూదులు డబ్బాలో సర్దుకుంటుంటే దగ్గరికెళ్లి, గొంతు తగ్గించింది.

"బాబూ, ఈ సూదులే తిరగేసి గుచ్చితే మళ్లీ కూలబడతాదేటి? శానా రోజులొద్దు. ఈ గాలి తగ్గీదాకా."

ఆ మాట లక్ష్మణమ్మ చెవిన పడకపోవడం ఆ ఇంటి అదృష్టం.