కోతా, ఊడ్పా, అడ్డా

ఆ రోజు ఉదయం మాస్టారి పథకం చాలా చిన్నది. పదింటికి విచారణ అధికారి వస్తాడు. పావుగంటలో ఆయనకు సమాధానం చెప్పి పంపించాలి, పదకొండింటికి పిల్లల క్లాసు మొదలుపెట్టాలి. సమాధానం సరిగ్గా లేకపోతే జూడో హాలుకు అనుమతి రద్దవుతుంది. టైర్ల గోదాము పక్కనున్న ఆ రేకుల హాలే ఇరవై రెండేళ్లుగా ఆయన బతుకు. పిల్లలకు నేర్పే కూతురి బతుకూ అదే. హాలు యజమాని ముందుచూపున్న మనిషి. అప్పుడే టేపుతో గోడ నుంచి గోడకు కొలుచుకుని, మంచాల కొట్టుకు సరిపోతుందని తృప్తిపడి వెళ్లాడు.

గొడవంతా పళ్ల డాక్టరు కాలితో మొదలైంది. హాల్లో సాధన చేసే ఆయనకు నెల క్రితం చీలమండ విరిగింది. జూడోలో ఎవరో 'కోత' అనే పట్టు వేసి పడేశారని ఆసుపత్రిలో చెప్పాడు. ఆసుపత్రి వాళ్లు క్రీడల ఆఫీసుకు రాశారు, ఆఫీసు మాస్టారిని సంజాయిషీ అడిగింది. కాలు విరిగిందన్న రోజు సాయంత్రం డాక్టరు నవ్వుకుంటూ ఇంటికెళ్లడమే మాస్టారికి గుర్తు. 'నాకు తెలియదు' అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. కానీ చక్కటి కోత మీద ఇలాంటి నింద పడితే ఆయన భరించలేడు. 'చీలమండ విరిగిందంటే అది కోత కాదు, ఆలస్యంగా వేసిన ఊడ్పు అయివుంటుంది' అని బొమ్మలతో సహా మూడు పేజీలు రాసి పంపాడు. హాల్లో తప్పు జరిగిందని స్వహస్తాలతో ఒప్పుకున్నట్టయింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే అదే.

"నాన్నా, ఇవాళ మాత్రం పాఠం చెప్పకు," అంది కూతురు మ్యాట్లు తుడుస్తూ. "తెలియదని చెప్పి ఊరుకో."

"అబద్ధం చెప్పమంటావా?"

"నీకు నిజంగానే తెలీదు కదా."

మాస్టారు అప్పటికే మనసులో పాఠం సర్దుకుంటున్నాడు.

అధికారి గుమాస్తాను వెంటబెట్టుకుని వచ్చాడు. తన ఫారంలో ఒక గడి చూపించాడు. "ఇక్కడ ఒక్క మాటే పడుతుంది మాస్టారూ. డాక్టరేమో కోతంటాడు, మీరేమో ఊడ్పంటారు. నాకు రెండూ ఒకటే. కాలు పోతుంది, మనిషి పడతాడు."

కూతురు గట్టిగా దగ్గింది. లాభం లేకపోయింది.

"ఒకటెలా అవుతాయండీ? బరువు ఎక్కడుందో చూడాలి. బరువంతా మోస్తున్న కాలిని వెనక నుంచి లాగేస్తే కోత. బరువు పడబోయే కాలిని, పడకముందే పక్కకి నెట్టేస్తే ఊడ్పు. కాలిని కదలనీకుండా పాదం ఆనించి, పైమనిషిని తిప్పేస్తే అడ్డు."

"మూడోది ఎక్కణ్ణించి వచ్చింది?" అన్నాడు అధికారి, ఫారం తిరగేసి చూస్తూ. తర్వాత గుమాస్తా వైపు తిరిగాడు. "నువ్వు నిలబడవయ్యా. చూస్తేగానీ తెలిసేట్టు లేదు."

గుమాస్తా నాలుగడుగులు నడవాలి, నాలుగో అడుగు పడబోతుండగా మాస్టారు దాన్ని ఊడ్చాలి. మూడడుగులు సవ్యంగానే పడ్డాయి. నాలుగో అడుగుకు మాస్టారి కాలు కదలడం చూసి గుమాస్తా భయంతో అక్కడే బిగుసుకుపోయాడు. బరువంతా ఆ కాలి మీదే దిగింది. ఊడ్పు అప్పుడొచ్చి తగిలింది. గుమాస్తా చీలమండ పట్టుకుని కూలబడి, తనకింకా ఎన్ని సెలవులున్నాయని అధికారిని అడిగాడు.

"చూశారా, నేను రాసింది అక్షరాలా ఇదే," అన్నాడు మాస్టారు. ఆయన గొంతులో ఉండకూడని సంతోషం ఉంది. కూతురు ఐసు కోసం పరిగెత్తింది.

అధికారి బూట్లు విప్పాడు. "ఇది ఊడ్పయితే కోతేమిటో తెలియాలిగా. నామీద వెయ్యండి, మెల్లిగా."

మాస్టారు మెల్లిగానే వేశాడు. కాలరు పట్టుకుని, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు మ్యాటు మీద పడుకోబెట్టాడు. అధికారి కాసేపు పైకప్పు రేకుల్ని చూస్తూ ఉండిపోయాడు.

"దెబ్బే తగల్లేదే."

"తగలదు. అందుకే కోత కాదన్నాను."

అధికారి నిజంగా మెత్తబడ్డాడు. లేచి కూర్చుని పెన్ను తీశాడు. "సరే మాస్టారూ, మీకు పని తెలుసు. కారణం తెలియలేదని రాసి మూసేస్తాను." ఐసుతో తిరిగొచ్చిన కూతురికి గుండె కుదుటపడింది. హాలు నిలబడినట్టే. పెన్ను కాగితం మీద ఆనుతుండగా అధికారి మామూలుగా అన్నాడు: "ఆ అడ్డు కూడా ఊడ్పులాంటిదే అయ్యుంటుందిలెండి."

పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మాస్టారు. పైగా ఇక్కడ మాటంతా కాళ్ల గురించే.

"ఒక్క నిమిషం పెన్ను పక్కన పెట్టండి," అన్నాడు.

"నాన్నా, వద్దు," అంది కూతురు. అప్పటికే ఆయన అధికారిని ముందుకు నడిపించి, చీలమండకు పాదం ఆనించాడు. చేతులతో పట్టుకుని తిప్పితే మనిషి భద్రంగా పడతాడు. సరిగ్గా అప్పుడు గుమ్మం దగ్గర ఊతకర్రల చప్పుడైంది. "మాస్టారూ, ఆపండి," అంటూ పళ్ల డాక్టరు లోపలికొచ్చాడు. మాస్టారు తల తిప్పాడు, చేతులు వదిలాడు, పాదం మాత్రం అక్కడే ఉంచాడు. అధికారి ముందుకు తూలి మణికట్టు మీద పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

డాక్టరు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "నా కాలు ఇక్కడ విరగలేదండీ. మా ఇంటి మెట్ల మీద చెప్పు జారి పడ్డాను. మెట్ల మీద పడ్డానంటే ఏం బాగుంటుందని జూడో అన్నాను."

మొదటి ప్రశ్న మాస్టారే వేశాడు.

"మరి కోత అని ఎందుకన్నారు?"

"పేరు బాగుందని."

కూతురు ఐసు గిన్నెతో సహా మ్యాటు మీద కూర్చుండిపోయింది.

నాలుగు రోజుల తర్వాత ఉత్తర్వు వచ్చింది. అధికారి చెబుతుంటే గుమాస్తా రాశాడు. డాక్టరు విషయంలో హాలు నిర్దోషి అని మొదటి పేరా. అరగంటలో ఇద్దరు ఉద్యోగుల్ని శిక్షకుడే గాయపరిచినందుకు అనుమతి రద్దు అని రెండో పేరా. మూడో పేరా: 'గుమాస్తాకు తగిలినది బరువు దిగిన తరువాత వేసిన ఊడ్పు. నాకు తగిలినది చేతులు వదిలేసిన అడ్డు. కోతకు ఈ గాయాలతో ఏ సంబంధమూ లేదు.'

బయట లారీలోంచి మంచాలు దింపుతున్నారు. కూతురు మ్యాట్లు చుట్టి తాడు కడుతూ ఏడుస్తోంది. మాస్టారికీ ఏడుపు వచ్చింది, అయినా మూడో పేరా రెండుసార్లు చదివాడు.

ఇరవై రెండేళ్లలో ఏ శిష్యుడూ అంత తప్పుల్లేకుండా రాయలేదు.