చేపల పెట్టె కార్యం

ఆ ఆదివారం పొద్దున పరశురాములు వేసుకున్న పథకం చాలా చిన్నది. తాను సొంతంగా చేసిన చెక్క స్టాండు బలమెంతో చూడాలి, ఆగుతుందని తేలితే దాని మీద చేపల తొట్టి ఎక్కించాలి. మిర్యాలగూడలో బియ్యం దుకాణం నడిపే మనిషికి సెలవు పూట ఇంతకన్నా ఖర్చు లేని పని దొరకదు.

చేపల మీద అతనికి మనసు పడింది సూర్యాపేటలో, ఒక దవాఖానలో. డాక్టరు కోసం కూర్చున్నంతసేపూ అద్దాల తొట్టిలో ఒక నారింజరంగు చేప అటూ ఇటూ తిరగడం చూశాడు. అది అమ్మేదీ లేదు, కొనేదీ లేదు. అయినా క్షణం తీరిక లేదు. మరి దానికి అంత పనేమిటి? ఆ ప్రశ్న అతన్ని ఇంటిదాకా వెంబడించింది. కోదాడలో ఒక చెప్పుల షాపు మూసేస్తుంటే అక్కడి తొట్టిని బేరమాడి తెచ్చాడు. ఇల్లు కట్టగా మిగిలిన దర్వాజా చెక్కతో కాళ్ళు చేశాడు. పైన ప్లైవుడ్డు పరిచి, కింద ఫిల్టరూ గాలి మోటారూ దాచడానికి అర పెట్టి, దానికి తలుపులు బిగించాడు. రసమట్టం పెట్టి చూస్తే బుడగ నట్టనడుమ నిలిచింది.

"సూడనీకె మంచిగనే ఉన్నది. నీళ్ళు పోస్తె ఆగుతదా?" అంది భార్య సరిత.

బస్తాను చేత్తో ఎత్తి తూకం చెప్పగల పరశురాములు నీళ్ళను ఎన్నడూ తూచలేదు. దుకాణానికి పోయి కాంటా మీద బకెట్టు పెట్టి తూచాడు. తొట్టి నిండా నీళ్ళంటే ఎనిమిది పాతిక కిలోల బియ్యం బస్తాల బరువని తేలింది. నీళ్ళతో పరీక్ష పెట్టి స్టాండు విరిగితే తొట్టీ పోతుంది. బస్తాలతో పెడితే చెక్క ఒక్కటే పోతుంది. నష్టం తక్కువున్న వైపు నిలబడటమే వ్యాపారం.

హమాలీ హన్మా ట్రాలీ ఆటోలో బస్తాలు తెచ్చాడు.

"సేటూ, దుకాణంల జాగ లేదా ఏంది?"

"ఉన్నది. ఇవి గీ స్టాండు మీద పేర్చు. రేపటిదాక ఉండాలె."

ప్రశ్నలు అడిగితే కూలి పెరగదని హన్మాకు తెలుసు. పేర్చి వెళ్ళిపోయాడు.

ఇదంతా ఎదురింటి సరోజన గేటు దగ్గర నిలబడి చూసింది. బియ్యం దుకాణందారు ఇంటికి బియ్యం సంచీలో తెచ్చుకుంటాడు. బస్తాలు దిగాయంటే కార్యమే.

"ఏం సరితా, మీ స్రవంతికి సంబంధం కుదిరిందా?"

"అయ్యో, ఏం లేదక్కా. బస్తాలు ఉత్తగనే తెచ్చిండ్రు," అని సరిత నవ్వి లోపలికి పోయింది.

ఉత్తగనే బస్తాలు దిగే ఇంటిని సరోజన ఇంతవరకూ చూడలేదు. పైగా ఆ నవ్వొకటి. దాస్తున్నారంటే నిశ్చితార్థమేనని తేల్చుకుంది. తేల్చుకున్నది తనలోనే ఉంచుకుంటే ఆమెకు లాభమేముంది?

గంటలోపే టెంటుహౌస్ జాన్ బండి దిగాడు.

"అన్నా, బిడ్డ ఎంగేజ్‌మెంటట గద. టెంటు నాదే."

"ఎవడు చెప్పిండ్రా నీకు? గసొంటిదేం లేదు."

జాన్ తలుపులోంచి తొంగి చూశాడు. "మరి గీ బస్తాలేంది?"

"స్టాండు ఆగుతదో లేదోనని సూస్తున్న."

జాన్ కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "చెప్పకుంటె చెప్పకు గని, గిసొంటి ముచ్చట్లు చెప్పకే అన్నా!"

కాదనడం బేరంలో మొదటి మెట్టని జాన్ అనుభవం. మధ్యాహ్నానికల్లా గేటు ముందు గుంజలూ కుర్చీలూ దింపించాడు. బస్తాలను చూసి ఇంకా అనుమానంలో ఉన్నవాళ్ళు కుర్చీలను చూసి నమ్మేశారు.

అప్పుడు మాడుగులపల్లి నుంచి బావ దుర్గయ్య ఫోను వచ్చింది. "బామ్మర్దీ, మీ అక్క ఆటోల పొట్టేలును ఎక్కిచ్చింది. తోడికోడండ్లు గుడ ఎక్కిండ్రు. నన్నేమడగకు. జర పైలం."

పరశురాములు ఫోను పెట్టేసి గేటు వైపు చూశాడు. అక్క సైదమ్మ రెండేళ్ళుగా ఈ గడప తొక్కలేదు. గృహప్రవేశానికి అందరికీ పంపినట్టే ఆమెకూ కార్డు వాట్సాప్‌లో పంపాడు. ఇంటి ఆడబిడ్డను బొట్టు పెట్టి పిలవాలని అందరికీ తెలిసిందే, అతనికి తీరిక దొరకలేదు. తర్వాత బుద్ధి వచ్చింది కానీ, కార్యం లేకుండా బొట్టు పెట్టి దేనికని పిలవాలి? ఇప్పుడు ఏ కార్యమూ లేదంటే వీధి నడుమ ఆమెకు తలవంపు. పొట్టేలుతో వెనక్కి తిరిగిందంటే ఈ జన్మకు మళ్ళీ రాదు.

ఆటో వచ్చి ఆగింది. సైదమ్మ దిగి గేటు బయటే నిలబడింది. పొట్టేలు మాత్రం పిలుపు కోసం చూడకుండా లోపలికి వచ్చేసి, కుండీలోని చామంతులు మొదలుపెట్టింది.

"ఏం తమ్మీ, ఏం కార్యం?"

వీధి వీధంతా చెవులు రిక్కించింది. అబద్ధం చెబితే బిడ్డ పేరు బజారున పడుతుంది. పరశురాములు ఎన్నో నష్టాలు చూసినవాడే కానీ, రెండు వైపులా నష్టమే ఉన్న బేరం ఇదే మొదటిది. సరితను కుంకుమ భరిణె తెమ్మన్నాడు.

"అక్కా, ఇంట్ల చేపల పెట్టె పెడుతున్నం. మొదటి చెంబు నీళ్ళు నీ చేతుల మీదుగ పడాలె. నువ్వు రావాలె."

సరిత బొట్టు పెట్టింది. సరోజన నోరు తెరుచుకుంది. జాన్ చేతిలోని గుంజ అలాగే ఆగింది.

సైదమ్మ తోడికోడళ్ళ వైపు చూసింది. "పుట్టువెంట్రుకలకు పోయిన, చీరెల ఫంక్షన్లకు పోయిన. చేపల కార్యానికి ఎన్నడు పోలేదే. పాండ్రి, సూస్తం."

గడప దాటింది.

ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. పొట్టేలుతో పాటు ఒక బస్తా వంటకు పోయింది, మిగిలినవి దారికి అడ్డమని వరండాలోకి పోయాయి. పరీక్ష సగంలో పోయిందని పరశురాములు బాధపడేలోపు, అలసిపోయిన సైదమ్మ స్టాండు మీద కూలబడింది. పక్కన తోడికోడళ్ళిద్దరూ సర్దుకున్నారు. అతను వంగి స్టాండు కాళ్ళ వైపు చూశాడు. చెక్క కిర్రుమనలేదు. బియ్యం తేల్చని లెక్కను అక్కా, ఆమె అత్తగారింటివాళ్ళూ తేల్చేశారు.

వీధి మొత్తం తిన్నది. తొట్టి ఎక్కింది, సైదమ్మ చెంబుతో నీళ్ళు పోసింది. వీధివాళ్ళు వెళ్ళాక పరశురాములు మెల్లగా అన్నాడు:

"అక్కా, సరోజన మాట నమ్మి వచ్చినవా?"

"నేనా? పొద్దుగాలనే సరితకు ఫోన్ చేసి అడిగిన. చేపల పెట్టె అని చెప్పింది."

సరిత తిరగని ఫ్యాను వైపు శ్రద్ధగా చూస్తోంది.

"గడప తొక్కనన్న గని ఫోన్ చెయ్యనన్ననా?" అంది సైదమ్మ. "రెండేండ్ల సంది మీ ఇంట్ల ఒక్క కార్యం గాదాయె. ఎన్ని దినాలని ఎదురుసూడాలె? ఊరంత కార్యమన్నది, నేను పొట్టేలును ఎక్కిచ్చిన."

చెప్పులు వేసుకుంటూ తొట్టి వైపు తిరిగింది. "అవు గని, చేపలేవి?"

"ఇంక తేలేదక్కా."

"తెచ్చిన్నాడు చెప్పు. ఫోన్ల గాదు, బొట్టు పెట్టి."

ఆటో మలుపు తిరిగింది. పుట్టి బుద్ధెరిగాక ప్రతిదీ టోకున కొన్న పరశురాములు, చేపలను మాత్రం ఒక్కొక్కటిగా కొనాలని నిర్ణయించుకున్నాడు.