ప్రేరణ రాలేదు

బుధవారం పొద్దున వినీల వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి కోవూరులో బస్సెక్కాలి. నెల్లూరులో దిగి మైపాడు బస్సు పట్టుకోవాలి. అక్కణ్ణుంచి ఆటోలో తొమ్మిదిన్నరకల్లా గవ్వలపాలెం హైస్కూలు చేరాలి. పదకొండింటికి సాగరకళ ట్రస్టు కార్యదర్శి కామాక్షయ్య గారు వస్తారు. ఎనిమిదో తరగతి పిల్లలు నాలుగు చిన్న నాట్యాలు చేసి చూపిస్తారు. ఆయన బాగుందంటే బడిలో డాన్సు క్లాసు ఉంటుంది, వినీల ఉద్యోగమూ ఉంటుంది. బాగాలేదంటే ఆ గంట లెక్కల మాస్టారికి పోతుంది. ఆయన అప్పుడే ఎక్కాల చార్టులు తెప్పించి పెట్టుకున్నారు కూడా.

చిక్కల్లా ఏమిటంటే, వినీల పాట పెట్టి అడుగులు నేర్పే రకం టీచరు కాదు. నాట్యం పిల్లలే కట్టుకోవాలంటుంది. కట్టాలంటే ముందు ఒక ప్రేరణ కావాలి. అది కంటితో చూసింది కావచ్చు, చెవితో విన్నది కావచ్చు, చేత్తో తాకింది కావచ్చు, మనసులో పుట్టిన ఆలోచనైనా కావచ్చు. అందుకని పిల్లల్ని నాలుగు జట్లు చేసి, జట్టుకో రకం అప్పజెప్పింది. చూసే జట్టు చిరిగిన వల తెచ్చుకుంది. వినే జట్టు బోటు ఇంజను దగ్గి దగ్గి అందుకునే చప్పుడును ఫోనులో పట్టుకొచ్చింది. తాకే జట్టు చేపల పెట్టెలోంచి ఐసుగడ్డ తెచ్చి, ముట్టుకోవడమూ గంతెయ్యడమూ మొదలుపెట్టింది. ఎటొచ్చీ ఆలోచన జట్టుకే ఏ ఆలోచనా పుట్టలేదు. దాని నాయకురాలు ఫరీన్ పదింటికి వంటపాక పక్కన మొహం వేలాడేసుకుని నిలబడింది.

"మేడం, ప్రేరణ ఇంకా రాలేదు."

"రాలేదా! గంటలో ఆయన వస్తా ఉంటే ఇప్పుడా చెప్పేది?"

"నిన్నట్నుంచి వెతకతానే ఉండాం మేడం. సముద్రం కాడికి గూడా పోయినాం. నీళ్లలో దిగి చూసినాం. యాడా దొరకలా."

వినీలకు ఒళ్లు మండింది. "అదంతా నాకు తెలీదు. ప్రేరణ లేకుండా మాత్రం నా ముందుకు రావద్దు!"

పాకలో సాంబారు కలుపుతున్న మాలకొండమ్మ చేతిలోంచి గరిటె జారిపోయింది. ఆమె పన్నెండేళ్లుగా ఈ బడిలో వండి పెడుతోంది. మూడు ఊళ్ల పిల్లలు తింటారు. ఆమెకు కంచాల లెక్క తెలుసు గానీ కంచాల వెనక పేర్లు తెలియవు. ఎవరో పిల్ల, సముద్రం దగ్గర వెతికినా దొరకలేదు. అంతే, కొంగు బిగించి రోడ్డు మీదకు పరుగెత్తింది. అక్కడ పీర్ సాహెబ్ ఆటో ఆగి ఉంది. అతను మైకులో అరుస్తూ ప్లాస్టిక్ సామాన్లు అమ్ముకుంటాడు.

"పీరన్నా, మైకందుకో! ఎనిమిదో క్లాసు పిల్ల ప్రేరణ కనపళ్లేదంట. నీళ్లలో దిగిందంట!"

"యా అల్లా! ఎవరి పిల్లక్కా? ఎట్టుంటాది?"

ఎట్లా ఉంటుందో మాలకొండమ్మకేం తెలుసు? కానీ అడిగినవాళ్లను ఉత్త చేతులతో పంపే మనిషి కాదామె. "రెండు జడలు. ఎర్ర రిబ్బన్లు. సన్నంగా ఉంటాది పాపం. రెండోసారి సాంబారు గూడా పోయించుకోదు."

ఆటో కదిలింది. "బిందెలు, బకెట్లు, తొట్లు... అమ్మలారా, అయ్యలారా, ప్రేరణ అనే పాప, రెండు జడలు..." అంటూ పీర్ సాహెబ్ ఊరంతా తిరిగాడు. ఆటో ఒడ్డుకు చేరేలోగా ప్రేరణకు ఒక జీవితమే ఏర్పడింది. తల్లి లేని పిల్ల అన్నారు. అమ్మమ్మ దగ్గర పెరుగుతోందన్నారు. నిన్న సాయంత్రం తన దగ్గరే బఠాణీలు కొనుక్కుందని అంగడి వెంకటశేషమ్మ ఒట్టేసి చెప్పింది. డాన్సు టీచరమ్మ 'నా ముందుకు రావద్దు' అన్నదని కూడా చెప్పుకున్నారు. మొత్తం కథలో నిజం ఆ ఒక్క ముక్కే.

హెడ్మాస్టరు జడ్సన్ గారు అబద్ధమంటే గిట్టని మనిషి. కంగారంటే అంతకన్నా గిట్టదు. కబురు చెవిన పడగానే వినీలను గదిలోకి పిలిచి, కుర్చీ చూపించారు.

"అమ్మా వినీలా, ప్రేరణ నీ క్లాసులోనేనా?"

"అవును సార్. నా క్లాసంతా ప్రేరణ మీదే నడుస్తా ఉంది."

"ఇవాళ వచ్చిందా?"

"మూడు జట్లకి వచ్చింది సార్. ఫరీన్ వాళ్లకే రాలేదు."

జడ్సన్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "యాడుండొచ్చు?"

"ఎక్కడైనా ఉండొచ్చు సార్. పనిగట్టుకుని వెతికితే దొరకదు. ఒక్కోసారి దానంతటదే వస్తుంది."

"వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చుందామా? వాళ్ల నాయనకేం చెప్పేదమ్మా?"

"ఎవరి నాయనకి సార్?"

సరిగ్గా అప్పుడే గోడ అవతలి నుంచి మైకు వినిపించింది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, తల్లి లేని పిల్ల. సంగతేమిటో వినీలకు అప్పుడు అర్థమైంది. చెప్పులు కూడా వేసుకోకుండా ఒడ్డుకు పరుగు తీసింది. ఆమె వెనక జడ్సన్ గారు, ఆయన వెనక బడి బడంతా.

ఒడ్డున ఊరు ఊరంతా ఉంది. మగవాళ్లు చేతులు పట్టుకుని వరసగా నడుముల్లోతు నీళ్లలో నడుస్తున్నారు. అల వెనక్కి పోతే నాలుగడుగులు ముందుకు, అల వస్తే రెండడుగులు వెనక్కి. ఆడవాళ్లు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని "ప్రేరణా... ఓ ప్రేరణా..." అని పిలుస్తున్నారు. వినీల మొరపెట్టుకుంది గానీ ఆ హోరులో ఎవరికి వినిపిస్తుంది? ఆటో ఎక్కి, పీర్ సాహెబ్ చేతిలో మైకు లాక్కుని, "అయ్యా, ప్రేరణ అనే పిల్లే లేదు!" అని అరిచింది.

బకెట్లు అమ్మీ అమ్మీ అరిగిన మైకు అది. మధ్యలో కీచుమంది. ఒడ్డుకు చేరింది రెండే మాటలు. "ప్రేరణ... లేదు!"

ఒక్కసారిగా ఏడుపులు మొదలయ్యాయి. మాలకొండమ్మ ఇసకలో కూలబడి, "సాంబారు గూడా తాగకుండానే పోతివే తల్లీ!" అని గుండెలు బాదుకుంది. నీళ్లలో ఉన్న మగవాళ్లు తలపాగాలు తీసేశారు. ఆ పూట వచ్చిన వాళ్లలో చాలామంది వినీల వైపు చూసే చూపు మారిపోయింది.

కామాక్షయ్య గారి కారు వచ్చి ఆగింది సరిగ్గా అప్పుడే. బడిలో ఎవరూ లేకపోయేసరికి ఆయన చప్పుడును బట్టి ఇటు వచ్చారు. ఆయన్ను చూసి వినీల, ఇక ఉద్యోగం మాట మరిచిపోవచ్చు అనుకుంది. ఏడుపొచ్చింది కూడా.

అప్పుడు ఫరీన్ గట్టిగా కేక పెట్టింది. "మేడం! వచ్చింది! ప్రేరణ వచ్చింది!"

"వచ్చిందా! యాడ? యాడ?" ఒడ్డంతా ఎగిరి గంతేసింది. తువ్వాళ్లు పైకి లేచాయి. పీర్ సాహెబ్ ఒక బకెట్టు తీసుకుని డప్పులాగా వాయించేశాడు. ఆ వాయింపుకే ఫరీన్ జట్టు ఆరుగురూ ఇసకలో చేతులు పట్టుకుని వరస కట్టారు. నాలుగడుగులు ముందుకు, రెండడుగులు వెనక్కి. కళ్లకు చెయ్యి అడ్డం. పిలుపు. కూలబడడం. మళ్లీ ఎగిరి లేవడం. ఊరు ఇంతసేపూ చేసిందే పిల్లలు చేస్తుంటే, ఊరు నోరు తెరుచుకుని చూసింది.

కామాక్షయ్య గారి కళ్లు చెమర్చాయి. ఊరంతటినీ పాత్రలు చేసి ఆడించిన నాట్యం ఆయన జన్మలో చూడలేదు. పక్కనే ముక్కు చీదుకుంటున్న మాలకొండమ్మను అడిగారు. "ఇదంతా ఎవరి వల్లమ్మా?"

"ప్రేరణ వల్లే సార్. ఎనిమిదో క్లాసు. రెండు జడలు. వచ్చేసిందంట!"

ఆయన పుస్తకంలో రాసుకున్నారు. వినీల పరుగున వచ్చి, "సార్, ప్రేరణ అంటే అసలు..." అంది.

"నాకర్థమైందమ్మా. అసలు మనిషిని ఒక్కసారి కూడా చూపించకపోవటమే గొప్ప!" అని ఆయన కారెక్కేశారు. ఆయనకు మధ్యాహ్నం విడవలూరులో ఇంకో బడి ఉంది.

ఆ తర్వాత అందర్నీ ఇసకలో కూర్చోబెట్టి వినీల జరిగింది చెప్పింది. తిడతారనుకుంది. మగవాళ్లు నవ్వుకుంటూ పంచెలు పిండుకున్నారు. వెంకటశేషమ్మ మాత్రం బఠాణీల సంగతి వెనక్కి తీసుకోలేదు.

"అయితే ఆ పిల్లే లేదా?" అంది మాలకొండమ్మ. "మరి ఇంతసేపూ నేనెవరి కోసం ఏడ్చినట్టు?"

ముఖం కూడా తెలియని పిల్ల కోసం ఇంతమంది నీళ్లలో దిగారని తలుచుకుంటే వినీలకు సిగ్గేసింది, ఆ ఊరి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ రోజు మాడిన సాంబారును ఎవరూ వంక పెట్టకుండా తిన్నారు.

పది రోజులకు ట్రస్టు నుంచి ఉత్తరం వచ్చింది. 'చిరంజీవి ప్రేరణ ప్రతిభ అసాధారణమైనది. ఆమె మీ బడిలో పదో తరగతి ముగించే వరకు డాన్సు క్లాసును, టీచరును కొనసాగించడానికి నిర్ణయించాము. ఆమె యోగక్షేమాలు ఏటా తెలుపగలరు.'

"సార్, నిజం రాసేద్దామా?" అంది వినీల బిక్కుబిక్కుమంటూ.

జడ్సన్ గారు కలం మూత తీశారు. 'ప్రేరణ మా ఎనిమిదో తరగతిలో క్షేమంగా ఉన్నది' అని రాసి సంతకం పెట్టారు. "చూడమ్మా, దీంట్లో అబద్ధమేమన్నా ఉండాదా?"

ఇది జరిగి మూడేళ్లయింది. ఫరీన్ పదో తరగతి పాసై నెల్లూరులో ఇంటరు చదువుతోంది. ప్రేరణ మాత్రం ఇంకా ఎనిమిదో తరగతి దాటలేదు.