యాభైకి యాభై మూతలు

“పాసైనయ్! యాభైకి యాభై!” అని మా ఆయన నేతన్ పంజాగుట్ట నుంచి ఫోన్‌లో అరిచాడు. ఆ క్షణాన నాకో సత్యం బోధపడింది. కొత్తగా పెళ్లైన ప్రతి జంటా కంటికి ఆనని ప్లాస్టిక్ ముక్కలు తయారుచేయాలి!

నవ్వకండి. అమీర్‌పేటలో అందరూ జావా నేర్చుకుంటుంటే, నేతన్ బోరబండ షెడ్డులో చెవి మిషన్లకు మూతలు పోస్తాడు. మూత సైజు? ఆవగింజలో సగం. ఈసారి శాంపిల్స్ పాస్ కాకపోతే షెడ్డుకు తాళమేసి తనూ జావా క్లాసుకు పోతానని వాళ్లమ్మకు మాటిచ్చాడు.

అయినా ఇంత చిన్న వస్తువుతో ఎన్ని లాభాలు! కరిగిన ప్లాస్టిక్ అచ్చు మూలదాకా పోకముందే గట్టిపడుతుంది. ఓర్పు అలవడుతుంది. మూతలు సరిచూసేది ఇంట్లోనే కాబట్టి, ముక్క కింద పడితే ఇల్లంతా ఊడవాలి. ఇల్లు శుభ్రం! తుమ్మకూడదు, కిటికీ తీయకూడదు, ఫ్యాన్ వేయకూడదు. మే నెలలో, మూసిన గదిలో, ఒకే భూతద్దం కింద రెండు తలలు! ఏ హనీమూన్ ప్యాకేజీలో దొరుకుతుందండీ? నా చీరకు అంటుకుపోయిన మూతలను నేతన్ పట్టకారుతో ఒక్కొక్కటే ఏరుతుంటే... సరే, ఇది కుటుంబ పత్రిక.

పోయినసారి పంజాగుట్టలోని చెవి మిషన్ల కంపెనీలో సరుకు చూసే ఇద్రీస్ భాయ్ పొట్లాన్ని సరిగ్గా ఫ్యాన్ కింద విప్పాడు. “యాభై అన్నవ్, ఏడే ఉన్నయ్ గదన్నా!” అని రిజెక్ట్ రాసేశాడు.

అందుకే ఈసారి అమీర్‌పేటలో బొట్టుబిళ్లలు కొన్నాను. వాటిని తిరగేసి అట్టకు అతికించి, పైకొచ్చిన జిగురు మీద ఒక్కో మూత నిలబెట్టాను. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద, మా అత్తమ్మ లీలాకుమారి చూడనే చూసింది.

“ఏందమ్మా గివి? మనింట్ల బొట్లేంది? పాస్టరమ్మ జూస్తే నా మొఖం ఏడ పెట్టుకోవాలె?”

“నాకు కాదత్తమ్మా, మూతలకు.”

“మూతలకు బొట్లా! వానికి నువ్వు సుత తోడైనవా?”

నేతన్ తెచ్చిన ఆర్డర్ కాగితం ఇప్పుడు నా చేతిలో ఉంది. ఇరవై వేల మూతలు! షెడ్డు నిలిచింది.

నాలుగు నెలలు అచ్చు చెక్కి, వెంట్రుకలో సగం తేడా సరిదిద్ది, ఇరవై ఆరేళ్లకే కళ్లద్దాలు తెచ్చుకున్నాడు నేతన్. ఆ మూత పనితనం గురించి కాగితంలో ఎన్ని మాటలున్నాయనుకున్నారు? ఒక్కటీ లేదు. ఇద్రీస్ భాయ్ లెక్కపెట్టాడట గానీ, భూతద్దం బయటికే తీయలేదట! కింద ఒకే ఒక్క రిమార్క్: “ప్యాకింగ్ అద్భుతం. మొత్తం సరుకు ఇదే ప్యాకింగ్‌లో పంపవలెను.”

కాబట్టి రేపు పొద్దున్నే ఇరవై వేల బొట్టుబిళ్లలు కొనబోతున్నాను. అత్తమ్మ అప్పుడే సంచి తీసి పెట్టుకుంది.

“ఒక్కదానివే పోకు, నేను సుత వస్త. నీకు బేరం రాదు.”